గుర్రం కాలి గాయంలో ఉబ్బిన ఎర్ర కండ

మూడు వారాలైనా మీ గుర్రం కాలి గాయం మూసుకోలేదని, ఎర్రటి కండ చర్మం కంటే పైకి ఉబ్బిందని రాశారు. కంగారు పడకండి, మోకాలి కింది గాయాల్లో ఇది తరచూ జరిగేదే. అక్కడ కండరం ఉండదు, కాలు కదులుతూనే ఉంటుంది. కొత్త కండ అదుపు తప్పి పెరుగుతుంది. దాని మీదికి చర్మం పాకలేదు. పశువైద్యులు దాన్ని చర్మం మట్టానికి కోసేస్తారు. అందులో నరాలుండవు కనుక నొప్పి తెలియదు గానీ రక్తం బాగా కారుతుంది, మీరు మాత్రం కోయొద్దు. రోజూ పోస్తున్న హైడ్రోజన్ పెరాక్సైడ్ దయచేసి మానేయండి, అది కొత్త కణాలనే చంపుతుంది. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడిగితే చాలు. దూది నేరుగా గాయానికి తగలనీయకండి. కుంటినా, కాలు వేడెక్కి వాచినా ఆ రోజే చూపించండి. ఇంతకీ ధనుర్వాతం టీకా వేయించారా? గుర్రాలకు ఆ ముప్పు చాలా ఎక్కువ.