కోతకు ముందే కొలత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాది 1990 టయోటా పికప్. ముందు చక్రాల ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికది విడిగా కదిలేది) తీసేసి, 1985 మోడల్ సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) వేద్దామనుకుంటున్నాను. టైర్లు 35 అంగుళాలవి. యాక్సిల్ ఒకటి బేరంలో ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, ఫీనిక్స్, అరిజోనా

జవాబు: ఎంపిక మంచిదే. అమెరికాలో ఈ పికప్‌కి 1985 దాకా ముందు సాలిడ్ యాక్సిలే వచ్చేది, 1986 నుంచి టోర్షన్ బార్లతో (మెలిపడే స్ప్రింగు కడ్డీలు) ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. రెండింటికీ ముందు డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) కుడి పక్కనే కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే పెట్టె) జోలికి పోనక్కర్లేదు.

డబ్బు చేతిలో పెట్టేముందు గేర్ రేషియో లెక్కపెట్టండి. హబ్బులు లాక్‌లో పెట్టి, పినియన్ (డిఫ్‌లోకి షాఫ్ట్ బిగించే గేరు) మీద సుద్దగీత గీసి, ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పించండి. పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో (డిఫ్‌లో లాకర్, అంటే రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరం, ఉంటే ఈ లెక్క కుదరదు). వెనక 4.30 ఉండి ముందు 4.10 పడితే ఇసుకలో తెలియకపోవచ్చు గానీ, గట్టి రాతి మీద ఫోర్ వీల్ వేయగానే బిగుసుకుపోయి బర్ఫీల్డ్ జాయింటో (ముందు చక్రం దగ్గర వంగుతూ తిరిగే జాయింటు) ట్రాన్స్‌ఫర్ కేసో పోతుంది. పాత యాక్సిల్ వెడల్పు కూడా తక్కువే. మీ వెనక చక్రాలతో సమానం కావాలంటే పక్కకు 38 మిల్లీమీటర్ల స్పేసరు వేయాలి, లేదా 1986 తర్వాతి హబ్బులు, వాటికి సరిపడే రోటర్లు, కాలిపర్లు ఒకే సెట్టుగా తెచ్చుకోవాలి.

పాత బ్రాకెట్లు కోసి, గ్రైండర్‌తో నున్నగా చేశాక తొందరపడి హ్యాంగర్లు (కట్టను చాసీకి పట్టే బ్రాకెట్లు) వెల్డ్ చేయకండి. టాకాలు (చిన్న తాత్కాలిక వెల్డు చుక్కలు) మాత్రమే వేయండి. కట్టలో మెయిన్ ఆకు ఒక్కటే ఉంచి, యాక్సిల్‌ను జాకీతో బంప్‌స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా లేపి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పండి. టైరు బాడీకి తగులుతుంటే యాక్సిల్‌ను అంగుళం దాకా ముందుకు జరపవచ్చు. డ్రాగ్ లింకు (స్టీరింగు బాక్సు నుంచి చక్రానికి పోయే కడ్డీ) చాసీకి గానీ, ఆయిల్ పాన్‌కు గానీ తగలకూడదు. షాకిల్ (కట్ట చివర ఊగే లంకె) వెనక ఉంటుంది కనుక కట్ట నొక్కుకున్నప్పుడు యాక్సిల్ వెనక్కి వెళ్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ లోపలికి దూరుతుంది. స్లిప్‌లో (షాఫ్ట్ పొడవు మారనిచ్చే జారుడు జాయింటు) చోటు లేకపోతే ఆ దెబ్బ నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగు మీదే. అలాగే యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వేలాడదీసి బ్రేకు హోసుల పొడవు, ఆ స్లిప్‌లో స్ప్లైన్ (పళ్ల భాగం) ఎంత మిగిలిందో చూడండి.

క్యాస్టర్ (చక్రం పక్కకు తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలే కోణం) 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంచండి. చాలామంది కట్టకీ, పెర్చ్‌కీ (యాక్సిల్ మీద కట్ట కూర్చునే పీట) మధ్య ఆప్పు పెట్టి యాక్సిల్ మొత్తాన్ని వంచేస్తారు. అప్పుడు క్యాస్టర్ కుదురుతుంది గానీ పినియన్ ముక్కు కిందికి దిగి, జాయింటు కోణం పాడై షాఫ్ట్ అదురుతుంది. రెండూ సరిగ్గా రావాలంటే నకిల్ బంతుల్ని (యాక్సిల్ కొసల్లో చక్రం పక్కకు తిరిగే గుండ్లు) కోసి, తిప్పి, మళ్లీ వెల్డ్ చేయాల్సిందే. అది అనుభవమున్న వెల్డర్ పని.

స్టీరింగు మీ పాత బాక్సుతోనే క్రాసోవర్‌గా (డ్రాగ్ లింకు అడ్డంగా అవతలి చక్రానికి పోయేలా) పెట్టుకోండి. బాక్సు బోల్టులు చాసీలో గొట్టాల గుండా పోవాలి, బయట ప్లేటు ఉండాలి. లేకపోతే అక్కడే చాసీ పగులుతుంది. నకిల్ పైన ఆర్ములు (స్టీరింగు కడ్డీలు తగిలించే చేతులు) పట్టే నట్లు 71 ఫుట్-పౌండ్లకు బిగించి, మొదటి ప్రయాణం తర్వాత మళ్లీ చూడండి. ఇవి వదులైతే స్టడ్డులు తెగి స్టీరింగు చేతిలోంచి పోతుంది.

నకిల్ బేరింగు బిగువు చూడటానికి స్ప్రింగ్ త్రాసు కొక్కెం ఆర్ము చివరి రంధ్రానికి తగిలించి, లంబంగా లాగండి. సీలు, టై రాడ్డు ఏవీ లేనప్పుడు 3–6 కిలోల మధ్య కదలాలి. ఎక్కువైతే షిమ్ (పల్చటి రేకు) కలపాలి, తక్కువైతే తీయాలి. వదులుగా వదిలేస్తే 35 అంగుళాల టైర్లతో స్టీరింగు వణుకుతుంది.

ప్రశ్న: పాత థార్‌కి ఇదే పని హైదరాబాద్‌లో చేయించుకోవచ్చా?

జవాబు: రోడ్డు మీద నడిపే బండికి వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చనివ్వదు. యజమానికి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. సాలిడ్ యాక్సిలే కావాలంటే జిమ్నీ కొనండి, లేదా పాత జిప్సీ వెతకండి. జిప్సీ చూసేటప్పుడు ముందు చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని కదపండి. లొడలొడలాడితే ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఆగిపోతే వీల్ బేరింగు, ఇంకా ఆడుతుంటే కింగ్‌పిన్ (చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగు.