ప్రకటనలు పెద్దగా ఇవ్వని సంస్థలో మార్కెటింగ్ వారికి పనేమిటి?

ప్రశ్న: మాది ఖమ్మంలో కిరాణా దుకాణం. మా అబ్బాయి బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఎం.బి.ఏ.లో మార్కెటింగ్ తీసుకుని డీమార్ట్ వంటి సంస్థలో చేరతానంటున్నాడు. వారి ప్రకటనలు పెద్దగా కనిపించవు కదా, అక్కడ ఆ చదువు అక్కరకు వస్తుందా?

జవాబు: వస్తుంది. అయితే మీ అబ్బాయి మార్కెటింగ్ అంటే ప్రకటనలు, సినీ తారలు అనుకుంటున్నట్లయితే ఆ ఊహను ముందుగా సరిచేసుకోవాలి. డీమార్ట్‌లో ధరే ప్రకటన. ఆ ధర కొనుగోలు దగ్గరే నిర్ణయమైపోతుంది. డిస్ట్రిబ్యూటరుకు వెంటనే డబ్బు కడితే ఎంతో కొంత తగ్గిస్తాడని, అరువు పెడితే ఆ రాయితీ పోతుందని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. సరఫరాదారులకు త్వరగా చెల్లించి తక్కువ ధరకు సరుకు తెచ్చుకోవడం, ఆ మిగులులో అధిక భాగాన్ని ఎం.ఆర్.పి. మీద తగ్గింపుగా కొనుగోలుదారుకు ఇవ్వడం ఆ సంస్థ పద్ధతి. వంద రూపాయల సరుకు మీద 15 రూపాయలు వేసుకుని మూడు నెలలకొకసారి అమ్మినా, 5 రూపాయలే వేసుకుని నెలనెలా అమ్మినా ఏడాదికి వచ్చేది 60 రూపాయలే. కానీ రెండో దుకాణానికే జనం మళ్లీ మళ్లీ వస్తారు.

కొత్త దుకాణాలు తెరవడంలో డీమార్ట్‌ది నిదానమైన నడక. 2002లో ముంబయిలోని పొవాయ్‌లో తొలి దుకాణం తెరిచిన రాధాకిషన్ దమానీ సంస్థకు, స్టాక్ మార్కెట్‌లో నమోదైన 2017 మార్చి చివరికి ఉన్నవి 131 దుకాణాలు మాత్రమే. 2025 మార్చి చివరికి అవి 415 అయ్యాయి. వీలైనంత వరకు స్థలాన్ని సొంతంగా కొనడం వల్ల ఏటేటా పెరిగే అద్దె భారం తప్పింది. ఒక ప్రాంతంలో నిలదొక్కుకున్నాకే పక్క ప్రాంతానికి వెళ్లడం వల్ల సరుకు రవాణా ఖర్చు అదుపులో ఉంది. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష కూడా తగ్గింపు ధరల దుకాణమే, అయితే అది శరవేగంగా 1,600 దాకా దుకాణాలు తెరిచి, చేతిలో నగదు ఆడక 2009లో మూతపడింది. ఈ రెండింటి లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవడం, నా దృష్టిలో, ఒక సెమిస్టరు పాఠానికి సమానం.

కాబట్టి ఐసెట్ రాయించండి, కానీ మార్కెటింగ్‌తో పాటు ఆపరేషన్స్ లేదా ఫైనాన్స్ కూడా తీసుకోమనండి. ఇంటర్న్‌షిప్ కోసం కొనుగోలు విభాగాన్ని కానీ, దుకాణం పనిని కానీ అడగమనండి. నిత్యావసర వస్తువుల కంపెనీల అమ్మకాల విభాగం మరో దారి. డీమార్ట్‌ను ఎన్నో ఏళ్లు నడిపించిన నెవిల్ నోరోన్హా కూడా హిందుస్థాన్ యూనిలీవర్‌లో పనిచేసి వచ్చినవారే. ఈలోగా మీ దుకాణంలోనే కందిపప్పు, సబ్బులు, బిస్కెట్లు వంటి పది సరుకులకు కొన్న తేదీ, ధర, అమ్ముడైన తేదీ, గడువు దాటి పారేసినవి రెండు నెలల పాటు ఒక పుస్తకంలో రాయించండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకన్నా గట్టి అనుభవం ఆ వయసులో దొరకదు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ రంగంలో మొదటి రెండేళ్లు జీతం ఓ మోస్తరుగానే ఉంటుంది, రోజంతా నిలబడే పని. సంక్రాంతి, దసరా ముందు వారాల్లో సెలవు దొరకదు. దుకాణం నడిపే ఇల్లు కనుక ఇది మీకు కొత్త కాదు, మీ అబ్బాయి మాత్రం దీనికి సిద్ధంగా ఉన్నాడో లేదో ఒకసారి అడిగి తెలుసుకోండి.