వారంటు ఉందంటే చాలదు, అడిగితే చూపించాలి

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు. గుంటూరు కోర్టులో అతనిపై చెక్‌బౌన్స్ కేసు ఉంది. రెండు వాయిదాలకు వెళ్ళలేకపోయాడు. ఒకరోజు తెల్లవారుజామున ఇద్దరు పోలీసులు వచ్చి, 'నాన్ బెయిలబుల్ వారంటు ఉంది, నడువు' అన్నారు. కాగితం చూపించమంటే 'స్టేషన్‌కొచ్చాక చూద్దువుగాని' అని నేరుగా గుంటూరు తీసుకెళ్ళారు. సాయంత్రం దాకా ఎక్కడున్నాడో మాకు తెలియలేదు. మర్నాడు కోర్టు బెయిలిచ్చింది. పోలీసులు ఇలా చేయవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, వాయిదాలకు రానివారిపై వారంటు జారీ చేసే అధికారం కోర్టుకు ఉంది. కానీ మీరు రాసినట్టే జరిగి ఉంటే, దాన్ని అమలు చేసిన తీరు మాత్రం చట్టప్రకారం లేదు. 2024 జూలై 1 నుంచి, పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 77వ సెక్షన్ ప్రకారం, వారంటుతో వచ్చిన అధికారి అందులోని సారాంశాన్ని తెలియజేయాలి, అడిగితే వారంటును చూపించాలి. దాని మీద జడ్జి సంతకం, కోర్టు ముద్ర ఉన్నాయో లేదో చూసుకోండి. పేరుతో పాటు తండ్రి పేరు, సి.సి. నంబరు (కోర్టు కేసుకిచ్చిన నంబరు) కూడా సరిచూసుకోండి, ఎందుకంటే ఒకే పేరున్న మరొకరిని పట్టుకుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఇక చాలామందికి తెలియని అసలు సంగతి చెబుతాను. వారంటు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. అయితే వేరే జిల్లాలో అరెస్టు చేసినప్పుడు, వారంటు ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు గానీ, స్థానిక మేజిస్ట్రేటు కంటే దగ్గరలో గానీ లేకపోతే, నిందితుణ్ణి ముందుగా స్థానిక మేజిస్ట్రేటు లేదా పోలీసు కమిషనర్ వంటి అధికారి ఎదుట హాజరుపరచాలని 82వ సెక్షన్ చెబుతోంది. చెక్‌బౌన్స్ బెయిలు ఇవ్వదగిన నేరం. వారంటు పేరులో 'నాన్ బెయిలబుల్' అని ఉన్నంత మాత్రాన నేరం స్వభావం మారదు కనుక, మీ తమ్ముడు జామీను ఇవ్వడానికి సిద్ధపడితే 83వ సెక్షన్ కింద ఆ మేజిస్ట్రేటో అధికారో హైదరాబాద్‌లోనే బెయిలు తీసుకుని, బాండును గుంటూరు కోర్టుకు పంపవలసింది. ఆ ఒక్క అడుగు వేసి ఉంటే అంత దూరం, ఆ రాత్రి నిర్బంధం, మీ ఇంట్లో ఆ ఆందోళన ఉండేవి కావు.

అరెస్టు సంగతి, ఉంచిన చోటు బంధువులకో స్నేహితులకో వెంటనే తెలియజేయడం 48వ సెక్షన్ పోలీసులపై పెట్టిన విధి. కోర్టు ఎదుట హాజరుపరచడానికి గడువు, ప్రయాణ సమయం మినహా 24 గంటలు. పారిపోకుండా ఆపడానికి అవసరమైన దానికి మించి కట్టడి చేయరాదు. మహిళలనైతే, అసాధారణ పరిస్థితుల్లో మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు నుంచి ముందస్తు అనుమతి తీసుకుంటే తప్ప, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు అరెస్టు చేయరాదు.

మళ్ళీ అలా వస్తే వాదన పెంచవద్దు. వారంటులోని నంబరు రాసుకుని, స్థానిక మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచమని మర్యాదగా, గట్టిగా అడగండి, వెంటనే న్యాయవాదికి ఫోన్ చేయండి. జరిగినదాన్ని తేదీ, సమయాలతో జిల్లా ఎస్పీకి లిఖితపూర్వకంగా ఇవ్వవచ్చు. రాబోయే వాయిదాకు మీ తమ్ముడు రాలేని పరిస్థితి ఉంటే, అదే రోజు న్యాయవాది చేత ఆబ్సెంట్ పిటిషన్ (ఆ రోజు హాజరు నుంచి మినహాయింపు కోరే దరఖాస్తు) వేయించండి.