మన ఎండల్లో పాత ఫోన్ మీద బోయింక్ నడపొచ్చా?

పక్కన పడేసిన ఆండ్రాయిడ్ ఫోన్లో బోయింక్ (ఖాళీగా ఉన్న ఫోన్, కంప్యూటర్ల చేత శాస్త్రవేత్తల లెక్కలు చేయించే యాప్) వేసి సైన్సు లెక్కలకు ఇస్తే ఫోన్ పాడవుతుందా, అందులోనూ నెల్లూరు ఎండల్లో? ఇదీ మీరడిగింది. నిక్షేపంగా నడపొచ్చు. లెక్కలు చేసినందుకు ప్రాసెసర్‌కు ఏమీ కాదు. దెబ్బతినేది బ్యాటరీ, అదీ వేడికి. రోజూ వాడే ఫోన్లో మాత్రం పెట్టబాకండి.

యాప్‌ను అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్ల బోయింక్ సైటు నుంచే ఏపీకేగా, అంటే నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలుగా, దించుకోండి. ఆండ్రాయిడ్ 10 నిబంధనలకు తగ్గట్టు తయారైన యాప్, బయటి నుంచి తెచ్చుకున్న ప్రోగ్రామును నడపకూడదు. బోయింక్ చేసే పనే అది, అందుకే ప్లే స్టోర్‌ను నమ్ముకోబాకండి. ఐఫోన్‌కు అసలు లేదు.

ఇక అసలు సంగతి. కావలిలో మే నెల రాత్రి పదింటికి 70 శాతం ఉన్న ఫోన్‌కు 5 వోల్టుల, 1 ఆంపియర్ పాత చార్జర్ పెట్టారనుకోండి. బోయింక్ మామూలు సెట్టింగు ప్రకారం బ్యాటరీ 90 దాటితేగాని పని మొదలవదు. దాటేసరికి పదకొండున్నర. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, లేస్తాయి, చార్జర్ ఇచ్చే కరెంటు వాటికి చాలదు, బ్యాటరీ 89కి జారుతుంది, పని ఆగుతుంది. మళ్లీ 90, మళ్లీ 89. ఈలోగా గోడల సెగకు బ్యాటరీ 40 డిగ్రీలు తాకుతుంది. అక్కడా ఆపేస్తుంది. తెల్లారి చూస్తే పని పది శాతం కూడా జరిగుండదు. యాప్ పనికిరాదని తీసేసేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

బోయింక్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ ప్రిఫరెన్సెస్ అనే గడిలో టిక్కు పెడితే దాగి ఉన్న సెట్టింగులు బయటపడతాయి. ఎనిమిది కోర్ల ఫోన్‌కు మూడు ఇవ్వండి, 2 జీబీ ర్యామ్ ఉన్నదానికి ఒకటి చాలు. అన్నీ ఇచ్చేస్తే వేడెక్కి ప్రాసెసరే వేగం తగ్గించుకుంటుంది. కనీస బ్యాటరీ 60కి దించండి. ఉష్ణోగ్రత 40ని మాత్రం పెంచబాకండి. చాలడం లేదని 45 పెట్టుకోమనే సలహాలు చూస్తే ఒళ్లు మండుతుంది. చార్జర్ 5 వోల్టులు 2 ఆంపియర్లది సరిపోతుంది. 65 వాట్ల ఫాస్ట్ చార్జర్ వద్దు, చార్జింగు వేడి, లెక్కల వేడి రెండూ ఒకేసారి బ్యాటరీ మీద పడతాయి.

చల్లబరచడానికి ఏమీ కొనక్కర్లేదు. ఫోన్ కవర్ తీసి, ఫ్యాన్ కింద గ్రానైట్ ముక్క మీద వెల్లకిలా పెట్టండి. చీమకుర్తి రాయి మన జిల్లాల్లో ఏ ఇంట్లో మిగిలిపోలేదు గనక! ఫోన్ వేడిని రాయి లాగేసుకుంటుంది. పరుపు మీద, దిండు కింద పెడితే అంతే సంగతులు.

తర్వాత, ఫోన్ కంపెనీల పీడ. తెర ఆరగానే వెనక నడిచే యాప్‌ను చంపేస్తాయి. చెక్‌పాయింట్ (చేసిన పనిని యాప్ చివరిసారి దాచుకున్న చోటు) తర్వాత చేసిందంతా పోయి, మళ్లీ అక్కడి నుంచే మొదలు. ఫోన్ సెట్టింగుల్లో బోయింక్‌కు ఆటోస్టార్ట్ ఇచ్చి, బ్యాటరీ ఆంక్షలు లేకుండా చెయ్యండి. అప్‌డేట్ పడ్డాక మరోసారి చూసుకోండి, మామూలుకు వచ్చేస్తుంటాయి.

కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు. 4 వాట్ల చొప్పున రాత్రికి 8 గంటలు నడిచినా నెలకు ఒక యూనిట్ లోపే.

బోయింక్‌లో మనకు లెక్కలు పంపే పరిశోధనను ప్రాజెక్టు అంటారు. అది ఒక్కటే పెట్టుకోండి. రెండు మూడు పెడితే గడువు దాటి, మీరు చేసిన పనినే ఇంకొకరికి పంపుతారు. నా ఓటు ఐన్‌స్టైన్ ఎట్ హోమ్‌కు. 2010లో అరెసిబో రేడియో టెలిస్కోపు సమాచారంలోంచి ఒక కొత్త పల్సార్‌ను (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రాన్ని) పట్టింది అమెరికాలోని అయోవాలో, జర్మనీలో ఉన్న వాలంటీర్ల మామూలు కంప్యూటర్లే. గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికే సెటీ ప్రాజెక్టు గురించి ఇంకా చెప్పే వీడియోలను నమ్మబాకండి, 2020 మార్చిలోనే వాళ్లు పనులు పంపడం ఆపేశారు. ఇందులో డబ్బులొస్తాయనే యాప్‌ల జోలికి అసలే పోవద్దు.

వెనక మూత ఏ మాత్రం ఉబ్బినా వెంటనే చార్జర్ పీకేయండి, ఆ ఫోన్‌ను మళ్లీ వాడొద్దు. రోహిణి కార్తెకు రెండు వారాల ముందే ప్రాజెక్టు మీద నొక్కి కొత్త పనులు వద్దని పెట్టండి. చేతిలో ఉన్నవి పూర్తయ్యాక, 50 శాతం చార్జింగుతో ఆపేసి బీరువాలో పెట్టండి. ఖాతా, చేసిన పనికి వచ్చిన క్రెడిట్లు (పాయింట్లు) ఎక్కడికీ పోవు. వానలు పడ్డాక మళ్లీ తీయొచ్చు.