డీజిల్ ఇంకిన నేల: మట్టి ఎత్తే ముందు అది ఎంత దూరం వెళ్లిందో చూడండి

కర్నూలు శివారులో మీ నాన్నగారు కొన్న స్థలంలో పాత డీజిల్ ట్యాంకు బయటపడిందని, చుట్టూ మట్టి నల్లబడి వాసన వేస్తోందని, నలభై గజాల అవతల పక్కవాళ్ల బోరు ఉందని రాశారు. పది ట్రిప్పుల మట్టి ఎత్తించి ఎర్రమట్టి పోయిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మేమూ మొదట అలాగే అనుకున్నాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర. సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పేవాళ్లం. యార్డులో లైసెన్సుతో పెట్టిన ఐదు కిలోలీటర్ల భూగర్భ ట్యాంకు ఉండేది. లెక్కలు నేను చూసేవాణ్ణి. ఇది జరిగి పదేళ్లు దాటింది. ఒక వేసవిలో డిప్ రాడ్ (ట్యాంకులోకి దించి నిల్వ కొలిచే కడ్డీ) చూపించే నిల్వకూ లారీలకు పోసిన లెక్కకూ పొంతన కుదరడం మానేసింది. రోజుకు పదిహేను, ఇరవై లీటర్ల తేడా. దొంగతనమే అనుకున్నాను. రాత్రి కాపలా ఉండే మనిషిని పనిలోంచి తీసేయమని నాన్నకు చెప్పింది నేనే. ఆ కాపలా మనిషి వెళ్లిపోయాక కూడా నిల్వ తగ్గుతూనే ఉంది. అప్పుడైనా నేల వైపు చూడాల్సింది. పంపు మీటరు తప్పు చూపుతోందేమోనని దాన్ని విప్పించి మరో మూడు వారాలు పోగొట్టాను.

అసలు సంగతి పక్క చీనీ (బత్తాయి) తోటలో తేలింది. ఆ తోట రైతు ఒక ఉదయం మా గేటు దగ్గరకు వచ్చి, “నాయనా, మా గేదె తొట్టిలో మూతి పెట్టి వెనక్కి తీసుకుంటోంది. ఒకసారి వచ్చి నీళ్లు వాసన చూడు” అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆయన బావి మా ట్యాంకుకు అరవై మీటర్ల దూరం. తొట్టిలో నీళ్ల మీద ఎండ పడుతుంటే నెమలికంఠం రంగులు మెల్లగా తిరుగుతున్నాయి. ఆ తొట్టి దగ్గర నిలబడినప్పుడు నాకు మాట రాలేదు.

ఆ రాత్రి ఎవరికీ చుక్క పోయకుండా ట్యాంకు మూసేసి తొమ్మిదింటికి ఒకసారి, తెల్లవారి ఆరింటికి ఒకసారి డిప్ తీశాం. ముందు రోజు కొత్త లోడు దింపలేదు కనుక ఆ లెక్కను నమ్మవచ్చు. ఎండలో వచ్చిన ట్యాంకరు డీజిల్ భూమిలో చల్లబడితే దానంతట అదే కుదించుకుపోతుంది. ఐదు వేల లీటర్లు పది డిగ్రీలు చల్లబడితే నలభై లీటర్ల దాకా తగ్గినట్టు కనిపిస్తుంది. మా తేడా అలాంటిది కాదు. ట్యాంకును ఖాళీ చేయించి, లోపలి ఆవిరిని పూర్తిగా పోగొట్టించి, పైకి తీయిస్తే అడుగున జొన్నగింజంత రంధ్రం. సరిగ్గా డిప్ రాడ్ దిగే చోట. ఏళ్ల తరబడి దాని ఇత్తడి కొన రోజూ అదే చోట తగిలి రేకును అరగదీసింది. అడుగున చేరే కాస్త నీరు తుప్పు పట్టించి మిగతా పని పూర్తి చేసింది. ఆ చోట ఒక మందపాటి పలక అతికించి ఉంటే ఇంత జరిగేది కాదు. నాన్నా నేనూ ఆ కాపలా మనిషి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆయన తిరిగి పనిలోకి వచ్చారు. జీతం లేని ఆ నెలన్నర వాళ్ల ఇల్లు ఎలా గడిచిందో అడిగే ధైర్యం మాత్రం నాకు ఇప్పటికీ లేదు.

ఇక మీ స్థలం. మా దగ్గర నాలుగైదు అడుగుల మట్టి, దాని కింద నాపరాయి, అంటే పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. కర్నూలు చుట్టుపక్కల కూడా చాలా చోట్ల ఇదే వరుస. ఈ రాళ్లకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే కర్నూలు శ్రేణి. డీజిల్ మట్టిలో దిగుతూ ప్రతి సందులోనూ కొంత వదిలిపోతుంది. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చితే వాటి వెంట మరీ వేగంగా దిగుతుంది. రాయి తగిలితే అక్కడితో ఆగుతుందనుకుంటాం. ఆగదు. పొరల మధ్య సందులు పట్టుకొని పక్కకు మళ్లుతుంది. బెలుం గుహలు చూసే ఉంటారు. 3,229 మీటర్ల ఆ దారులన్నీ సున్నపురాయిని నీళ్లు కరిగించి చేసినవే. మన పునాదుల కింద అంతంత గుహలు ఉండకపోవచ్చు గానీ, అదే రాయిలో వేలు పట్టేంత దారి ఉన్నా డీజిల్‌కు చాలు. నీటిమట్టాన్ని చేరాక, నీటికంటే తేలిక కాబట్టి పైన పొరగా తేలుతూ నీరు వాలిన వైపు సాగుతుంది. మీరు ఎత్తించే పది ట్రిప్పుల మట్టి వల్ల ఆ ప్రయాణం ఆగదు. పైగా తవ్విన గుంతలో వాన నీళ్లు నిలిస్తే మిగిలినదాన్ని ఇంకా లోతుకు తోస్తాయి.

మాకు జేసీబీ తెచ్చిన మనిషి, ఆ మట్టిని ఊరి బయట పాడుబడ్డ క్వారీ గుంతలో పారబోస్తానన్నాడు. మన వైపు అలాంటి గుంతలకు కొదవ లేదు. వాటిలో నిలిచిన నీళ్లే వేసవిలో గొర్రెలు తాగుతాయి. నాన్న ఒప్పుకోలేదు. మీకూ ఎవరో ఒకరు అదే సలహా ఇస్తారు, దయచేసి వినకండి. అది మన విషాన్ని ఇంకొకరి బావికి పంపడమే, చట్టానికి కూడా విరుద్ధం.

ముందు ఎంత దూరం పాకిందో తేల్చుకోండి. చేతితో తిప్పే ఆగర్ ఒకటి, వడ్రంగి బర్మాకు అన్నలాంటిది, అద్దెకు దొరుకుతుంది. ట్యాంకు చుట్టూ మూడేసి మీటర్ల దూరంలో మొదలుపెట్టి, వాసన ఉన్న వైపు ఇంకా బయటికి వెళ్తూ రంధ్రాలు వేయించండి. ప్రతి అర మీటరుకూ పిడికెడు మట్టి తీసి గాజు సీసాలో నీళ్లతో కలిపి గట్టిగా ఊపి పక్కన పెట్టండి. పావుగంట తర్వాత పైన రంగుల పొర తేలితే ఆ లోతులో డీజిల్ ఉన్నట్టే. కాగితం మీద స్థలం గీసి ప్రతి రంధ్రం దగ్గర లోతు, ఫలితం రాసుకోండి. మా కాగితంలో మరక గుండ్రంగా రాలేదు. ఈశాన్యం వైపు నాలుకలా సాగింది. నేల వాలు మాత్రం దక్షిణానికి. కంటి అంచనాతో తవ్వించి ఉంటే పూర్తిగా తప్పు వైపు తవ్వేవాళ్లం.

ఎందుకలా అన్నది నీటిమట్టాలు చూస్తే తెలిసింది. చుట్టూ ఉన్న మూడు బావుల్లో నీరు ఎంత లోతున ఉందో టేపుతో కొలిచాం. ఒక మేస్త్రీ ట్యూబ్ లెవెల్ (ఎత్తు తేడాలు చూసే నీళ్ల గొట్టం) పట్టుకొని మూడు బావుల గట్ల ఎత్తు తేడాలు అంచెలంచెలుగా తీసిచ్చాడు. ప్రతి బావికీ గట్టు ఎత్తులోంచి నీటి లోతు తీసివేస్తే భూమి లోపలి నీరు ఎటు వాలి ఉందో బయటపడింది: నేరుగా చీనీ తోట వైపే. ఒక పూట పని. అందుకు మేస్త్రీకి ఇచ్చిన కూలి కంటే విలువైన ఖర్చు ఆ ఏడాది మేం పెట్టలేదు.

నీళ్ల పరీక్షలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. మోటారు వేసి వచ్చిన నీళ్లు పట్టి ల్యాబుకు పంపుతారు. మోటారు అడుగున ఉంటుంది, డీజిల్ పైన తేలుతుంది. రిపోర్టు బాగానే వస్తుంది. గాజు సీసాకు తాడు కట్టి నీటి పైపొర దగ్గరే మెల్లగా ముంచి తీయండి. ల్యాబుకు పంపే మట్టినీ నీళ్లనూ గాజు సీసాల్లో అంచు దాకా నింపి, మూత బిగించి, ఐసు పెట్టెలో పంపాలి. మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్ల (డీజిల్ లాంటి నూనెల్లో ఉండే పదార్థాల) పరీక్ష అడగండి. ఆ ట్యాంకులో ఎప్పుడైనా పెట్రోలు పోసి ఉంటారన్న అనుమానం ఉంటే బెంజీన్ కూడా అడగండి, అది క్యాన్సర్ కలిగించే పదార్థం. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో మినరల్ ఆయిల్ (ఖనిజ నూనె) 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫలితం వచ్చేదాకా ఆ బోరు నీళ్లు తాగడానికీ వంటకూ వాడవద్దని పక్కవాళ్లకు ఈ రోజే చెప్పండి. కాచినా ప్రయోజనం లేదు. ఆ బోరును గంటల తరబడి నడపవద్దనీ చెప్పండి. ఎక్కువ తోడితే డీజిల్‌ను తన వైపు లాక్కుంటుంది. మేం ఆ రైతు ఇంటికీ పశువులకూ పద్నాలుగు నెలలు ట్యాంకరు నీళ్లు పోయించాం. అది మా బాధ్యత.

గుంతలోకి ఎవరినీ దించకండి. ఆవిరి గాలికంటే బరువు, గుంతలోనే నిలుస్తుంది. ట్యాంకును గ్యాస్ కట్టరుతో కోస్తామని పాత ఇనుము వాళ్లు వస్తారు. ఆవిరి పోగొట్టని ట్యాంకు ఖాళీగా కనిపించినా పేలుతుంది. సబ్బునీళ్లతో కడిగించడం కూడా వద్దు, డీజిల్ ఇంకా లోతుకు పోతుంది.

శుద్ధి విషయానికి వస్తే, ల్యాబు రిపోర్టులు తీసుకొని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాం. భయపడుతూ వెళ్లాం గానీ, మేమే వెళ్లడం మేలు చేసింది. వాళ్ల అనుమతితో, ఒక పర్యావరణ ఇంజనీరు పర్యవేక్షణలో, రాయి దాకా తవ్విన మట్టిని మందపాటి ప్లాస్టిక్ పట్టా మీద అడుగు మందాన పరిచాం. చుట్టూ గట్టు, పైన రేకుల కప్పు. నేలలో ఉండే సూక్ష్మజీవులే డీజిల్‌ను తింటాయి. వాటికి గాలి, తేమ, నత్రజని, భాస్వరం కావాలి. వంద పాళ్ల కర్బనానికి పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అన్న లెక్కతో యూరియా, సూపర్ ఫాస్ఫేటు, వాటితోపాటు పశువుల ఎరువు కలిపాం. పది రోజులకోసారి ట్రాక్టరుతో తిరగేసేవాళ్లం. మన ఎండలకు మట్టి ఎండిపోతే పని ఆగిపోతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. నాలుగో నెలకు వాసన మారింది, తొలకరి మట్టి వాసన కొంచెం తగిలింది. ఏడాది దాటాక పరీక్షలో వేలల్లో ఉన్న హైడ్రోకార్బన్ల అంకె వందల్లోకి దిగింది. ఆ మట్టిని పొలానికి వేయలేదు, అనుమతితో యార్డు కాంక్రీటు కిందే వాడాం.

బావి అంత తేలిగ్గా లొంగలేదు. నూనెను పీల్చి నీటిని వదిలేసే గుడ్డలు తాళ్లతో దించి, నిండినవి తీసి డ్రమ్ముల్లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపేవాళ్లం. మూడు నెలల్లో పొర మాయమైంది. అందరం సంతోషించాం. కానీ వానలు పడి నీటిమట్టం పన్నెండు అడుగులు లేవగానే రంగులు మళ్లీ కనిపించాయి. వేసవిలో నీరు దిగినప్పుడు దాని వెంటే డీజిల్ కిందికి దిగి రాతి సందులకు పూసుకుంటుంది. నీరు లేచినప్పుడు వదులై తేలుతుంది. మన సీమలో నీటిమట్టం ఏడాదిలో ఇంత ఎగిరి దిగే చోట ఒక్క పరీక్ష బాగుందని ఫైలు మూసేయడం చాలా పెద్ద తప్పు. మేం వరసగా మూడు వానాకాలాలు చూశాం. మూడోసారి పొర రాలేదు.

మీకు ఒక వెసులుబాటు ఉంది: ట్యాంకు మీరు పెట్టింది కాదు. ఏ పాత్రా వెయ్యి లీటర్లు మించకుండా, మొత్తం 2,500 లీటర్ల లోపు డీజిల్ ఉంచుకోవడానికి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. భూమిలో పూడ్చిన ట్యాంకు వెయ్యి లీటర్ల కంటే పెద్దదై ఉంటే పాత యజమాని పేర లైసెన్సు ఉండాలి. దానితోపాటు ట్యాంకు, పైపులు ఎక్కడున్నాయో చూపే డ్రాయింగు ఉంటుంది. అడిగి తీసుకోండి, మనకు తెలియని పైపు ఏదైనా కారుతూ ఉండవచ్చు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కాలుష్యం చేసినవారే శుద్ధి ఖర్చు భరించాలన్నది వాటి ఆధారం. అందుకే ట్యాంకును కదిలించక ముందే అన్ని వైపుల నుంచీ తేదీతో ఫొటోలు తీయండి. దాన్ని పాత ఇనుముకు అమ్మకండి.

ఇప్పుడు నీళ్లు లోతున ఉన్నాయి, నేల పొడిగా ఉంది. ఆగర్ పనికి ఇదే అనువైన సమయం. తొలకరి లోపు రంధ్రాలు వేయించి ఆ కాగితం సిద్ధం చేసుకోండి. ఎన్ని అడుగుల దగ్గర రాయి తగిలిందో, బోరులో నీరు ఎంత లోతున ఉందో ఇక్కడ రాస్తే తర్వాత ఎటు వెతకాలో చెప్పగలను.