అడగండి, చెబుతాం: క్లాసు లేని రోజుల్లో సల్సా డాన్స్ సాధన

ప్రశ్న: నల్లగొండ నుంచి ప్రతి ఆదివారం హైదరాబాద్ పోయి సల్సా నేర్చుకుంటున్న. రెండు నెలలైంది. క్లాసులో సార్ లెక్క చెప్తుంటే అడుగు మంచిగనే పడుతది. ఇంటికాడ పాట పెడితే అంతా ఆగమైతది. జంట లేకుండ వారమంతా ఏం చేయాలె?

జవాబు: మీకు తప్పుతున్నది అడుగు కాదు, ఆగడం. సల్సాలో ఎనిమిది లెక్కలకు అడుగులు ఆరే. 1, 2, 3కు అడుగు, 4కు ఆగాలి. 5, 6, 7కు అడుగు, 8కి ఆగాలి. బతుకమ్మ చుట్టూ తిరిగిన ఊళ్లో, డప్పు చప్పుడు విని పెరిగిన కాళ్లకు దెబ్బ వినిపించి ఊరుకోవడం చేతకాదు. 4కు కూడా ఒక చిన్న అడుగు వేసేస్తాయి. అక్కడినుంచి ఎడమ కాలు పడాల్సిన చోట కుడి కాలు పడుతుంది.

మూడు రోజులు పాట జోలికి పోకండి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్‌ను (ఒకే వేగంతో టిక్ టిక్ మని దెబ్బలు వినిపించేది) నిమిషానికి 100 దెబ్బల దగ్గర పెట్టి, పైకి వినబడేలా "ఒకటి, రెండు, మూడు, ఊఁ" అనండి. 1కి ఎడమ కాలు ముందుకు, 2కు కుడి కాలు ఉన్నచోటే, 3కు ఎడమ కాలు తిరిగి కుడి కాలి పక్కకు. 5కు కుడి కాలు వెనక్కి, 6కు ఎడమ కాలు ఉన్నచోటే, 7కు కుడి కాలు పక్కకు. అడుగు మీ పాదమంత పొడవు దాటొద్దు. పెద్దగా వేస్తే వేగం పెరిగినప్పుడు అందుకోలేరు.

3 పడ్డాక ఆగుతారు కదా, అక్కడ కుడి పాదాన్ని నేల నుంచి పూర్తిగా ఎత్తి చూడండి. తూలకుండా లేస్తే బరువంతా ఎడమ కాలి మీదికి వచ్చినట్టు. లేవలేదంటే బరువు రెండు కాళ్ల మధ్య ఇరుక్కుంది. 5కు ఏ కాలు కదలాలో ఒంటికి తెలియదు. కొత్తవాళ్లు "లెక్క మరిచిపోయా" అంటుంటారు గానీ, చాలాసార్లు మరిచింది బరువునే. 100 దగ్గర కుదిరాక పదేసి చొప్పున 180 దాకా పెంచండి. పార్టీల్లో వేసే పాటలు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, కొన్ని ఇంకా వేగం.

ఇక పాట. గాయకుణ్ని వదిలేసి కాంగాను పట్టుకోండి. చేత్తో వాయించే పొడవాటి డోలు అది. మామూలు నడకలో మిగతా దెబ్బలు మూసినట్టు 'టక్ టక్' అంటుంటే, 4 దగ్గర, 8 దగ్గర రెండేసి దెబ్బలు మాత్రం 'దుం-దుమ్' అని తెరుచుకుని మోగుతాయి. మీ కాలు ఆగాల్సిన చోటు అదే. ఆ వెంటనే వచ్చేది 1 లేదా 5. ఇది వినడానికి నిలబడక్కర్లేదు. హైదరాబాద్ బస్సులో కూర్చున్న రెండు మూడు గంటలు చాలు.

ఒంటరిగా నేర్చుకోలేనిది జంటను నడిపించడం. దాని బదులు పెద్ద పెద్ద కాంబినేషన్లు (వరసగా కలిపిన కదలికలు) బట్టీ పట్టకండి. ఎదుటి మనిషి తిరగడం పూర్తి కాకముందే చెయ్యి లాగే అలవాటు అక్కడే పుడుతుంది. రెండు చేతుల్లో స్టీలు గ్లాసులు, ముప్పావు వంతు నీళ్లతో, పట్టుకుని బేసిక్ స్టెప్, అంటే పైన చెప్పిన ముందు వెనుక అడుగులు, చేయండి. నీళ్లు చిందితే మీ భుజాలు ఎగురుతున్నాయని అర్థం. మోకాళ్లు కొద్దిగా వంచితే తగ్గుతుంది. రోజుకు 20 నిమిషాలు మించనక్కర్లేదు.

ప్రశ్న: సల్సా సింగిల్ టర్న్‌లో (ఒక పూర్తి చుట్టు తిరిగేటప్పుడు) తూలిపోతున్నాను. ఇంట్లో షాబాద్ బండలు. సాక్సులతో జారుతోంది, స్పోర్ట్స్ షూతో మోకాలు నొప్పి. (పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: ముందు ఆ షూ ఆపేయండి. రబ్బరు అడుగు బండను పట్టుకుంటుంది, పైన ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మెలిపడేది మోకాలే. కాటన్ షూకు ముందు సగం మీద మాత్రమే పాత సాక్సు కత్తిరించి తొడగండి. ముందరి పాదం జారుతుంది, మడమ పట్టు ఇస్తుంది. తుడిచిన తడి ఆరకముందు వద్దు. డాబా మీది గరుకు సిమెంటు బేసిక్‌కు పనికొస్తుంది, తిరగడానికి ససేమిరా.

తూలడానికి కారణం భుజంతో ఊపు తెచ్చుకోవడం, నేల చూడడం. బీరువా అద్దం మీద కంటి ఎత్తులో ఒక బొట్టుబిళ్ల అంటించండి. ఒళ్లు తిరుగుతున్నా చూపు వీలైనంతసేపు దానిమీదే ఉంచి, చివర్లో తల చటుక్కున తిప్పి మళ్లీ దాన్నే పట్టుకోవాలి. మొదట పావు చుట్లు నాలుగు, తర్వాత అర చుట్లు రెండు, ఆపైనే పూర్తి చుట్టు. మడమ కాగితం దూరేంత లేస్తే చాలు. పక్కకు పదేసి చొప్పున చేసి ఆపండి, తిన్న వెంటనే చేయకండి.

ప్రశ్న: కోలాటం ఒక్కదాన్నే ఇంట్లో చేస్తే కోలలు గాల్లో ఊగిపోతున్నాయి. ఎట్లా? (వనపర్తి)

జవాబు: ఎదుటి కోల ఆపేది లేక చెయ్యి దాటిపోతోంది. గుంజకు పాత చాప చుట్టి, ఛాతీ ఎత్తులో సుద్దతో గీత గీసి దానికే తాకించండి. కొట్టేది మణికట్టుతో, మోచేతితో కాదు.