జగన్నాథగట్టు వైపు ఇల్లు కట్టుకోవచ్చా అని అడిగినారు కదా

మీ ప్రశ్న చూసినాను. కర్నూలు పక్కనున్న జగన్నాథగట్టు కొండ వాలులో స్థలం వస్తోంది, ఊరికి దూరం, నీళ్ల ఇబ్బంది అంటున్నారు, నాయనకు మోకాళ్ల నొప్పి, కర్నూలు ఊళ్లోనే కొనుక్కోవడం మేలా అని కదా. నేనైతే రెండో ఆలోచన లేకుండా గట్టే అంటాను. ఎందుకంటే మేము కర్నూలు పాతబస్తీలో పుట్టి పెరిగినోళ్లం, 2009 అక్టోబర్ 2 వరద చూసినోళ్లం.

ఆరోజు వీధిలోకి నీళ్లొస్తే ఊరి పక్కన పారే హంద్రీ నది నీళ్లే కదా, సాయంత్రానికి తీసేస్తుందిలే అనుకున్నాము. హంద్రీ, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగినాయి, కింద శ్రీశైలం డ్యాం నిండిపోయి నీళ్లు దిగే దారే లేదు, ఆ సంగతి మాకెవరు చెప్తారు? బియ్యం మూట మంచం మీదికెత్తినాము, తర్వాత మంచమే తేలింది. అవ్వను నేనూ మా చిన్నాయనా రెండు పక్కలా పట్టుకుని పక్కింటోళ్ల మిద్దె ఎక్కించినాము. రెండు రాత్రులు అక్కడే, పద్నాలుగు మందిమి, ఒక బొరుగుల సంచి. చీకట్లో కింద సామాన్లు గోడలకు తగిలే చప్పుడు ఇప్పటికీ నాకు చెవుల్లోనే ఉంది.

నీళ్లు తీసినాక ఇంట్లో మోకాలి లోతు బురద. అమ్మ ఇంటి పత్రాలు, పెళ్లి ఫోటోలు తెచ్చి బండల మీద ఒక్కొక్కటే ఆరబెట్టింది. ఫోటోల్లో చీర అంచు కనపడతా ఉంది గానీ మొహాలు జారిపోయినాయి. మా తాతది ఉన్నదే ఆ ఒక్క ఫోటో.

అందుకే 2016లో దిన్నెదేవరపాడు దగ్గర గట్టు వాలులో చిన్న ఇల్లు కట్టుకున్నాము. పైన సంగమేశ్వరస్వామి గుడి ఉంది చూడండి, శ్రీశైలం డ్యాం కట్టేటప్పుడు మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి గట్టు మీద నిలబెట్టిన గుడి. దేవుడినే నీళ్లలోంచి తెచ్చి పైన పెట్టినప్పుడు మనమెందుకు కిందనే ఉండాలి?

నీళ్ల ఇబ్బంది నిజమే. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ కొనాల్సిందే, బోరు వేస్తే బండ తగులుతుంది. పగలంతా కాగిన బండ రాత్రి తొమ్మిదైనా వేడి కక్కుతానే ఉంటుంది. కానీ జూన్‌లో గాలి మొదలైతే ఫ్యాన్ అక్కర్లేదు, రాత్రి పది దాటితే కుక్క అరుపు తప్ప ఇంకో చప్పుడు ఉండదు, మిద్దె మీద కూర్చుంటే ఊరి లైట్లన్నీ కింద కనపడతాయి. దుడ్డు పెడితే ట్యాంకర్ వస్తుంది, తాత మొహం రాదు కదా.

నా కడుపు మండేది వేరే విషయం. వెంచర్లు వేసేవాళ్లు జేసీబీలతో వాలును అడ్డంగా కోసి చదును చేస్తున్నారు, ఎర్రమట్టి ట్రాక్టర్లలో తోలుకుపోతున్నారు, గట్టు మీద నుంచి దిగే వంకలు పూడ్చి వాటి మీదనే ప్లాట్లు గీసి అమ్ముతున్నారు. మా ఇంటికి కింద రెండు వరసల అవతల పోయిన వానాకాలం ఒకాయన కాంపౌండ్ గోడ అట్లే పడిపోయింది, ఆయన అప్పు చేసి కట్టుకున్నాడు పాపం. గట్టు మీద వరద రాదు గానీ వంకకు అడ్డం కట్టుకుంటే అది తెచ్చుకున్న వరదే. కాబట్టి స్థలం చూసేకి ఎండాకాలం పోవద్దు, పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే పోండి, నీళ్లు యాడ పారినాయో మట్టిలో గీత కనపడుతుంది. ఆ గీత మీద ప్లాటు ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

మీ నాయన మోకాళ్ల సంగతంటారా, రోడ్డుకు సమంగా ఉండే ప్లాటు అడగండి, మెట్లు లేకుండా కట్టుకోవచ్చు. మా అమ్మకు ఇప్పుడు డెబ్బై ఒకటి, ఆటోవాళ్లు పైకి రామంటే మలుపు దగ్గర దిగి కూరగాయల సంచితో నడుచుకుంటూ వస్తుంది. ఇంటి పత్రాలు మాత్రం ఇక్కడ కూడా అటక మీదే పెడుతుంది, కిందికి దించనివ్వదు.